దించమనే కేక లేని బీటు

మా నాన్న బెల్లం వండేవాడు. చోడవరం చుట్టుపక్కల గానుగలాడే రోజులొచ్చాయంటే పెనం దగ్గర నిలబడ్డానికి ఆయన్నే పిలిచేవారు. పాకం అయ్యిందో లేదో ఆయన చెవితో తేల్చేవాడు. మరిగే పాకం కాస్త నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, కంచానికేసి కొట్టేవాడు. మెత్తగా పడితే ఇంకా మరగాలి. టంగుమంటే అయిపోయినట్టే. ఆ టంగు వెనకే "దించీండ్రా!" అని కేక. నలుగురు పట్టి పెనం దించేసేవారు. కేక కాస్త ఆలస్యమైతే పెనమంతా చేదు. నాన్న చేతి మీద ఒక్క పెనమూ మాడలేదని అమ్మ ఇప్పటికీ గొప్ప చెప్పుకుంటుంది.

ఆయన కూతురినైన నాకు హిప్ హాప్ పిచ్చి. మండలాఫీసులో గుమస్తాని, ముప్పై నాలుగేళ్లదాన్ని. తెలిస్తే నవ్వుతారని బస్సులో చెవుల్లో పెట్టుకుని వినేదాన్ని. "ఏటే ఆ డబడబలు, పెళ్లీడు దాటిన గుంటకి?" అని అమ్మ గొణుగుడు. విశాఖలో బీట్లు కట్టే ఒక ప్రొడ్యూసరంటే నాకు ప్రాణం. అతను ఏ చప్పుడు దొరికితే దాన్ని తెచ్చి ముక్కలు కోస్తాడు. బస్సు తలుపు ధడేల్మన్న చప్పుడు అతని చేతిలో డ్రమ్మయిపోతుంది. చేపలమ్మే ఆవిడ కేకలోంచి చివరి ఊపిరి ఒక్కటే తీసి, దాన్ని వెనక్కి తిప్పి, పాటంతా దాని మీదే పరిగెత్తిస్తాడు. వినేవాళ్లని కుదురుగా కూర్చోనివ్వడు. ఆఫీసులో రోజంతా చచ్చినట్టు కూర్చునే నాకు ఆ పరుగు కావాలి.

రెండేళ్ల కిందట అతను మీ ఊరి చప్పుళ్లు పంపండని అడిగాడు. నేను పెనం పక్కన చెరుకు మోపు మీద ఫోన్ పెట్టి అంతా రికార్డు చేసి పంపాను. నెల తిరక్కుండా బీటు వచ్చింది. గానుగ ఇంజిను కింద గుడగుడమంటోంది. పిప్పి మంట చిటపటలు పైన. నాలుగు దెబ్బలకోసారి మా నాన్న కంచం, టంగు! గర్వంతో ఏడ్చేశాను. కేక మాత్రం లేదు. ఎందుకు తీసేశావని అడిగితే, "మాటుంటే బీటు ఆగిపోద్దక్కా. టంగు దగ్గర ఇంకేటో అవుద్దని మనిషి ఎదురుసూడాల. అక్కడే ఉంది ఊపు," అని రాశాడు. నిజమేననిపించింది. భలే కోశావు తమ్ముడూ అని రాశాను.

నిరుడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మాట రావొచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు. ఎనిమిది నెలలు. మొక్కని దేవుడు లేడు. చెయ్యని వ్యాయామం లేదు. "ఒక్కసారి గుంటా అని పిలు నాన్నా," అని చిన్నపిల్లలా బతిమాలేదాన్ని. ఆయన గోడ చూసేవాడు. ఆ గోడని బద్దలు కొట్టాలనిపించేది.

కనీసం ఆయన కేకైనా విందామంటే నా పాత ఫోన్ ఎప్పుడో నీళ్ల బకెట్లో పడి చచ్చింది. ప్రొడ్యూసరుకి రాశాను. "కోసిన ముక్కలే దాస్తానక్కా, మిగతాది ఉంచను," అన్నాడు. మిగిలింది బీటే.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్పీకరు తెచ్చి మంచం పక్కన పెట్టాను. ఇంజిను మొదలవగానే నాన్న కళ్లు కదిలాయి. టంగుమనగానే మెడ తిరిగింది. "అమ్మా, సూడే, నాన్న ఇంటన్నాడు!" అని అరిచి సౌండు పెంచాను. మళ్లీ టంగు. మళ్లీ టంగు. ఎడమ చేత్తో దుప్పటి పిండేస్తున్నాడు. నుదుటంతా చెమట, కళ్లలో నీళ్లు. గుర్తుపట్టి ఏడుస్తున్నాడనుకుని, అయిపోగానే మళ్లీ పెట్టాను. బుద్ధి లేనిదాన్ని. మూడోసారికి ఆయన నోరు విడింది.

"మా... మాడి... మాడిపోతంది!"

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఆపవే! పాకం అయిపోనాదని కంచం సెప్తంది, ఎవులూ దించట్లేదు. ఆయన పేణం పోతంది!"

బీటు ఆపేశాను. నాన్న చెయ్యి పట్టుకుని చెవి దగ్గర అరిచాను. "దించీసేం నాన్నా! దించీసేం! మాడలేదు!" చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది. కళ్లు మళ్లీ గోడకే వెళ్లిపోయాయి.

ఆ తర్వాత మాట లేదు. రెండు నెలలయింది. ఆఫీసు నుంచి రాగానే పక్కన కూర్చుంటాను. నాన్న గొంతు వినడానికి నాకున్నది ఒకటే దారి, అది నా ఫోన్లో ఉంది. మళ్లీ పెట్టనని అమ్మ మీద ఒట్టేశాను.

నిన్న అమ్మ బజారుకెళ్లినప్పుడు పెట్టాను. "మాడిపోతంది," అన్నాడు, ఈసారి తడబడకుండా. నేను వెంటనే దించీసేం అనాలి. అనలేదు. ఇంకోసారి అంటాడేమోనని ఆగాను.