కూలింగ్ బెడ్ పక్కన ఆరిన బూట్లు

2025 వానాకాలం. భిలాయ్ పవర్ హౌస్ మార్కెట్లో, స్టేషన్ వైపు తిరిగే సందులో నా దుకాణం. చెప్పులూ బూట్లూ బాగుచేస్తాను. ఆటగాళ్ల బూట్లంటే మాత్రం మిగతా పని పక్కన పెట్టి చూస్తాను. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడికి కూలికి వచ్చాడు. నేను బడికి వెళ్లింది తక్కువ. తెలుగు పొట్లం కాగితాల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు బూట్ల డబ్బాల మీద. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది, బూట్లు కుట్టేవాణ్ణి చిన్నచూపు చూస్తూ, వాడు కుట్టిన బూట్లే వేసుకుని పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లు. వాళ్ల మొహాలు నాకు పేరుపేరునా గుర్తున్నాయి.

ఆ నెలల్లో పేపరు తెరిస్తే ఫుట్‌బాల్ లీగ్ రాబోయే సీజన్ గురించే. ఎవరు ఎవరిని కొన్నారు, ఎప్పుడు మొదలవుతుంది, అసలు మొదలవుతుందా లేదా. మగవాళ్ల లీగ్‌కి అర పేజీ. ఆడపిల్లల లీగ్‌కి అడుగున మూలలో వేలెడంత చోటు. ఇదేం న్యాయమని నాలో నేనే తిట్టుకుంటూ, ఆ వేలెడంత వార్తనే కళ్లజోడు సరిచేసుకుని వెతికేవాణ్ణి. ఎందుకంటే మా ఊళ్లోనే రిసాలి పేట పిల్ల ఒకతెకి ఆ లీగ్‌లోని ఒక క్లబ్బు నుంచి క్యాంపుకి పిలుపొచ్చింది. పేరు పూజ. లెఫ్ట్ బ్యాక్ ఆడుతుంది, అంటే గోలుకి ఎడమ పక్క కాపలా. తండ్రి అప్పలరాజు ప్లాంటులో ఇనుము సాగదీసే రోలింగ్ మిల్లులో పనిచేస్తాడు.

పిలుపొస్తే జట్టులో చేరినట్టు కాదు. వెళ్లగానే ప్రాక్టీస్ మ్యాచ్ పెడతారు. సీజన్‌కి ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని ఇంటికి పంపాలో అక్కడే తేలిపోతుంది. అంతకుముందు ఏడాది ఇంకో క్లబ్బు పిలిస్తే ఈ పిల్ల సరికొత్త బూట్లతో వెళ్లింది. మడమ తోలు ఊడిపోయి, సగం ఆటలో కుంటుకుంటూ బయటికొచ్చింది. వాళ్లు ఇంటికి పంపేశారు. ఆ సీజనంతా ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసింది. అందుకే తర్వాత తోలు బూట్ల జత ఒకటి కొనుక్కుని, ప్రతి ఆటకీ అవే వేసుకుని, వాటిని తన కాలికి లొంగదీసుకుంది. ఈసారి ఆ బూట్లే దాని ధైర్యం.

ప్రయాణం ఎల్లుండి అనగా అప్పలరాజు వచ్చాడు. టిఫిన్ సంచి గుండెలకి హత్తుకుని ఉన్నాడు.

"మావా, ఓపాలి సూడు. ఎవుళితోనూ అనకు."

సంచిలో పూజ బూట్లు. చేతిలోకి తీసుకోగానే నా ప్రాణం ఉసూరుమంది. తోలు అప్పడంలా బిగుసుకుపోయింది. అడుగున సోల్ ప్లేట్ ఉంటుంది, అంటే నేలను పట్టుకునే స్టడ్లు ఉండే ప్లాస్టిక్ పలక. ఎడమ బూటుకి అది పడవ మూతిలా పైకి లేచిపోయింది. గమ్ము కరిగి ఒక పక్క నోరు తెరుచుకుంది.

"ఏటి సేసినావురా వీటికి?"

"ఆరబెట్టినాను."

"ఎక్కడ?"

అప్పలరాజు నేల చూపులు చూశాడు. "కూలింగ్ బెడ్ పక్కన."

ఎర్రగా సాగిన ఇనుము వచ్చి చల్లారే చోటుని మిల్లులో కూలింగ్ బెడ్ అంటారు. వానాకాలంలో అక్కడివాళ్లకి ఒక అలవాటు ఉంది. సైకిల్ మీద తడిసి వచ్చినవాడు మిల్లులో దాచుకున్న పాత జత వేసుకుని, తడి సేఫ్టీ షూస్‌ని ఆ పక్కనున్న రెయిలింగ్ మీద పెడతాడు. షిఫ్టు దిగేసరికి అవి కరకరలాడుతూ ఆరిపోతాయి. సేఫ్టీ షూ వేడిని ఓర్చుకునేలా తయారైంది. ఫుట్‌బాల్ బూటు సంగతి వేరు. ఏళ్ల తరబడి తన కాళ్లకి చేసుకున్న ఉపకారమే కూతురి కాళ్లకీ చేద్దామనుకున్నాడు ఈ మహానుభావుడు.

"వాన ఒగ్గట్నేదు మావా. బూట్లు ఎంతకీ ఆర్నేదు. తడివే ఏసుకుని ఎల్లిపోద్దేమోనని దానికి సెప్పకుండా అట్టుకెల్లినాను."

"బుద్ధుందేట్రా నీకు? లోపల కాగితాలు కుక్కి ఫ్యాను కింద పడేస్తే ఆరిపోవా? ఇనప కడ్డీలనుకున్నావేటి?"

నా కేకలకి పక్క చాయ్ దుకాణం సాహు భయ్యా తొంగిచూశాడు. "ఏం రాజూ భయ్యా, బూట్లు పకోడీల్లా వేయించావా?"

చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన, అడగకుండానే, కొత్తవి కొనేస్తే పోలేదా అని సలహా ఇచ్చాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త బూటు మెత్తబడాలంటే దానితో కొన్నాళ్లు కాపరం చెయ్యాలి. ఎల్లుండి రైలెక్కే పిల్లకి కొత్త బూట్లిస్తే, నిరుటి పుండు మళ్లీ ఇచ్చినట్టే. ఆయన చెప్పులు ఆయనకిచ్చేసి రేపు రమ్మన్నాను.

అప్పలరాజు గొంతు తగ్గించాడు. "నువ్వు బాగుసేసి ఇచ్చెయ్ మావా. సడీసప్పుడూ లేకుండా గుమ్మంలో ఎట్టేస్తాను. దానికి తెలీనే తెలీదు."

"కుదర్దు. తోలు తడిపి సాగదీస్తాను. ఎడమదానికి సోల్ మార్చి కుట్టేస్తాను. ఆఖరికి మాత్రం ఆ తోలు పిల్ల కాలి మీదే ఆరాలి. అప్పుడే పాత రూపు కొంతైనా వస్తాది. దాన్ని తీసుకురా."

"నా కాలూ దాని కాలూ ఒకటే సైజు. నాకు తొడిగెయ్."

"నీ కాలి మీద ఆరితే అవి నీ బూట్లయిపోతాయి. క్యాంపుకి నువ్వెల్తావేటి?"

"వెళ్లనీ దాదా, మీసం గొరిగించి పంపుదాం," అన్నాడు సాహు నాతో.

అప్పలరాజు నవ్వలేదు. "అది నాతో మాటాడ్డం మానేస్తాది మావా."

"మానేస్తే మానెయ్యనీ. కాళ్లు మాత్రం రేపు పొద్దున్నే ఇక్కడుండాలి."

అతను వెళ్లాక పనిలో దిగాను. తడిగుడ్డ చుట్టి తోలుని నానబెట్టి, ఆముదం పట్టించి, లాస్ట్ మీద ఎక్కించాను. పాదం ఆకారంలో చెక్కిన చెక్కదిమ్మని మా పనిలో లాస్ట్ అంటారు. పూజకి బొటనవేలి మొదట్లో ఎముక కొంచెం పొడుచుకొస్తుంది. సరిగ్గా అక్కడ దిమ్మకి తోలు ముక్కలు అంటించి ఎత్తు చేశాను. ఎడమ బూటు పలక పీకేసి, ఆట మానేసిన ఒకాయన వదిలిపోయిన బూటు పలక అదే కొలతది ఉంటే తీసి అతికించాను. ఈ రోజుల్లో అందరూ గమ్ము రాసి చేతులు దులుపుకుంటారు. నాకు గమ్ము మీద నమ్మకం లేదు. మైనం పట్టించిన దారంతో చుట్టూ కుట్టాను.

మర్నాడు తండ్రీ కూతుళ్లు వచ్చారు. దారంతా మాటల్లేవని ఇద్దరి మొహాలూ చెబుతున్నాయి. పూజ బూట్లని తిప్పి తిప్పి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపా, మిల్లుకి తీసుకెళ్లావా నిజంగా?" అంది తండ్రితో. ఇక్కడి పిల్లలు నాన్నని అలాగే పిలుస్తారు.

"తడిగా ఉన్నాయని..."

"పూఛ్‌నా తో థా! ఒక్క మాట నన్ను అడగాలి కదా! మళ్లీ కుంటుకుంటూ రావాలా నేను?"

అప్పలరాజు గొడుగు పట్టుకుని దుకాణం బయటే నిలబడిపోయాడు. వాన అంతగా లేదు కూడా.

తడి తోలు తొడిగి, పిల్లని రెండు కాళ్ల మీదా బరువు ఆనించి నిలబడమని, నేను వంగి లేసులు బిగించాను. లేసు బిగించాల్సింది అలా నిలబడినప్పుడే. కూర్చుని కట్టుకుంటే పాదం పరుచుకోదు. తర్వాత నా దుకాణానికీ సాహు దుకాణానికీ మధ్య నడిపించాను. "ఎక్కడ పట్టేస్తోందమ్మా?" అంటే, "చిటికెన వేలు తాతా" అనేది. విప్పి, దిమ్మ మీద పెట్టి, సుత్తితో మెల్లగా తట్టి, మళ్లీ తొడిగేవాణ్ణి. తోలు ఆరుతూనే ఉంది. పిల్ల తండ్రి వైపు చూడనే లేదు.

నిన్నటి చెప్పులాయన చెప్పినట్టే వచ్చాడు. సంగతంతా విని పెదవి విరిచాడు. "అమ్మాయిల లీగా? అదెవరు చూస్తారండీ?"

నేను సుత్తి కింద పెట్టి నోరు తెరిచేలోపే అప్పలరాజు గొడుగు మూసి లోపలికొచ్చాడు.

"నాను సూస్తాను. టిక్కెట్టు కొని సూస్తాను, నేకపోతే ఫోన్లో సూస్తాను. నీకేటి కష్టం?"

పూజ ఆ పొద్దున మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది. కాలు ముందుకు చాచింది.

"పాపా, లేసు వదులైంది. కట్టు."

మిల్లు యూనిఫాంలో ఉన్న మనిషి తడి నేల మీద మోకాళ్లేశాడు.

"ఇంకా గట్టిగా."

"నొప్పెడతాదేమోనే."

"బూట్లు కాల్చినప్పుడు ఈ జాలి ఎక్కడికెళ్లింది?" అంది. మాట ఘాటుగానే ఉంది, పెదవులు మాత్రం నవ్వుని ఆపలేదు. సాహు అందరికంటే ముందు నవ్వేశాడు.

మధ్యాహ్నానికి తోలు ఆరింది. పిల్ల సందులో పరుగెత్తింది, టక్కున ఆగింది, ఎడమ కాలి మీద గిర్రున తిరిగింది. బురద చిమ్మి సాహు చాయ్ గిన్నె దాకా వెళ్లింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"పాతవాటిలా లేవు తాతా."

నేను మళ్లీ సుత్తి అందుకున్నాను.

"కానీ నావే," అంది.

మర్నాడు రైలెక్కింది. ప్రాక్టీస్ మ్యాచ్ ఆఖరుదాకా ఆడింది. సీజన్‌కి ఉంచుకున్నారు. ఆ కబురు అప్పలరాజు మిల్లు నుంచి నేరుగా వచ్చి చెప్పాడు. సాహు ఆ పూట సందులో అందరికీ చాయ్ పోశాడు. నేనూ ఇక ఆ రోజుకి ఎవరినీ తిట్టలేదు.

ఇన్నేళ్లుగా జోళ్లు వచ్చేవి, బాగుచేసేవాణ్ణి, పోయేవి. ఎవరు తెచ్చారని గానీ, ఎవరివని గానీ అడిగేవాణ్ణి కాదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరైనా ఇంకొకరి జోడు తెచ్చి, వాళ్లకి తెలియకుండా బాగుచెయ్యమంటే తీసుకోను, ఆ మనిషిని వెంటబెట్టుకు రమ్మంటాను. కొందరు విసుక్కుంటూ వెళ్లిపోతారు. కొందరు ఇద్దరూ కలిసి వస్తారు, ఒకరు తిడుతూ, ఒకరు తిట్లు తింటూ. తోలు ఆరేదాకా ఇద్దరూ అక్కడే కూర్చోవాలి కాబట్టి తిట్లు కూడా చాలావరకు అక్కడే అయిపోతాయి. నాలుగు గోడల మధ్య నెలల తరబడి సాగే అలకలు నా స్టూలు మీద పూటలో తేలిపోవడం చూస్తున్నాను.

లీగ్ సీజన్ ఇంకా మొదలు కాలేదు. మొదటి మ్యాచ్ ఎప్పుడో ప్రకటించలేదు కూడా. అయినా అప్పలరాజు ఫోర్‌మన్ దగ్గరికెళ్లి షిఫ్టు మార్పు అడిగి వచ్చాడట.

"ఏ రోజుకి కావాలన్నాడు మావా."

"నువ్వేమన్నావు?"

"నా కూతురు ఆడే రోజుకి, అన్నాను."

"మరి ఒప్పుకున్నాడా?"

"ఆడూ సూడ్డానికి వస్తాడట."