హాజరు కాగితంలో నాన్న పేరు

బందరు కాలువ పక్కన మా తాతగారు కట్టించిన రైసు మిల్లు మా చేతుల్లోంచి ఒక్కరోజులో పోలేదు. వాటాలు వాటాలుగా పోయింది. తొంభైల చివర్లో నేను విజయవాడలో కంప్యూటరు కోర్సులో చేరేనాటికి నాన్న పేరున అణా వాటా మిగిలింది, అంటే పదహారింట ఒక భాగం. అదే మిల్లులో ఆయన కాటా గుమస్తాగా ధాన్యం తూకాలు చూసేవారు. వాటా సంగతి నేను ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ చెప్పాను. గుమస్తా సంగతి ఎవరికీ చెప్పలేదు.

గవర్నర్‌పేటలో మేడమీద గది. డేటాబేసు చెప్పే మాస్టారు నన్ను "జమీందారుగారూ" అని పిలిచేవారు. ఎగతాళని తెలుసు. అయినా నడుం వంచకుండా లేచి నిలబడేవాణ్ణి. మిల్లు కొత్త మేనేజరు తమ మనుషుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని వస్తే, మాస్టారు ఆ పని నాకే అప్పగించారు.

సూపర్‌క్లాసు, సబ్‌క్లాసు పాఠం అప్పుడే అయింది. పైన 'వ్యక్తి' అని ఒక పెట్టె గీశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇలా అందరికీ ఉండేవి అక్కడ ఒక్కసారే రాస్తాం. కింద రెండు పెట్టెలు: వాటాదారు, పనివాడు. వాటాదారుకు వాటా, పనివాడికి హాజరు. ఎవరికి ప్రత్యేకంగా ఉండేవి వారి కింద. పైపెట్టెలోవి కింది పెట్టెలకు వారసత్వంగా వస్తాయని పాఠం. ఆ మాట నాకు మహా నచ్చింది. పైకీ కిందకీ నడుమ ఒక సున్నా చుట్టి అందులో ఒక ఇంగ్లీషు అక్షరం వేయాలి. డి వేస్తే ఒక మనిషి ఒక్క పెట్టెలోనే ఉండాలి. ఓ వేస్తే రెండింటిలోనూ ఉండొచ్చు.

నేను డి వేశాను.

"మిల్లుకెళ్లి అడిగావా?" అన్నారు మాస్టారు.

"అడిగేదేముంది సార్? మిల్లు మాదేగా."

"అందుకే అడగమంటున్నానయ్యా. వాటా ఉన్నవాడు అక్కడ పని చెయ్యకూడదా?"

"యజమాని కూలికెళ్తాడా సార్?"

"ఏమో, జమీందార్లు, మీకే తెలియాలి."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ వేళకు నాన్న ఊకదుమ్ములో కూర్చుని తూకం రాస్తూ ఉంటారని నాకు తెలుసు. తెలిసే వేశాను.

రెండు వారాల తర్వాత, నా పెట్టెల ప్రకారం చేసిన ప్రోగ్రాము మిల్లులో పెట్టాక, అక్కడ టైపు చేసే అమ్మాయి ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసింది. "మీ నాన్నగారి పేరు పనివాళ్లలో ఎక్కించేశానండీ. వాటాదార్లలో వేయబోతే కంప్యూటరు తీసుకోవట్లేదు. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు పక్కనే ఉన్నారు. డి చెరిపి ఓ వేయడం ఒక పూట పని. కానీ ఎందుకు మారుస్తున్నానో ఆయనకు చెప్పాలి.

"పనివాళ్లలోంచి తీసెయ్యండి" అన్నాను.

ఒకటో తారీఖున మిల్లులో కంప్యూటరు కాగితం చూసి హాజరు పిలిచారు. తొమ్మిది కాకముందే నాన్న టిఫిన్ క్యారియరు తెరవకుండానే ఇంటికొచ్చారు.

"ఏరా, నన్ను పన్లోంచి తీయించావంటగా?"

నేను ఆయన చేతిలోంచి క్యారియరు అందుకున్నాను.

"'అబ్బాయిగారు వద్దన్నారంటండీ, ఇంక మీకెందుకీ దుమ్ము' అన్నాడు మేనేజరు. హమాలీలందరూ అక్కడే ఉన్నారు. ఒక్కడూ నా మొహం వంక చూళ్లేదు."

కాగితం మీద పెట్టెలు గీసి, సున్నా చుట్టి చూపించాను. ఆయన చివరిదాకా విన్నారు.

"రెండింట్లో ఉండకూడదని ఎవరు పెట్టార్రా?"

"నేనే."

"మీ తాత మిల్లు కట్టించాక కూడా కాటా వదల్లేదు. తూకం తనే చూసేవాడు. గుమస్తా జీతం అందరి ఎదుటా చెయ్యి చాచి తీసుకునేవాడు. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో కట్టించిన సంగతే చెప్పుకునేవాళ్లం.

ఆ మధ్యాహ్నమే మాస్టారికి ఉన్నదంతా చెప్పి, డి చెరిపి ఓ వేసి మిల్లుకు పంపాను. ఆయన ఆ రోజు నుంచి జమీందారుగారూ అని పిలవడం మానేశారు. నాకు అది ఎగతాళి కన్నా కష్టంగా తోచింది.

మర్నాడు నాన్న మిల్లుకు బయల్దేరారు. పనికే అనుకుని నేనూ వెంట వెళ్లాను. మేనేజరు కొత్త కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"పొరపాటైపోయిందండీ. ఇదుగోండి, మీ పేరు రెండు చోట్లా ఎక్కింది. రండి, లోడు లారీ ఆగుంది."

నాన్న కళ్లజోడు పెట్టుకుని, వేలుపెట్టి రెండు చోట్లా చదివారు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు. జేబులోంచి కాటా షెడ్డు తాళాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఇవెందుకండీ?"

"మావాడికి నచ్చదు."

నా వైపు చూడకుండానే అన్నారు. మేనేజరు నన్ను చూశాడు. గుమ్మంలో హమాలీలూ చూశారు. వద్దు నాన్నా, పనిలోకి వెళ్లండి అనడానికి ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. అంతమంది ఎదుట నా కాలు కదల్లేదు.

వెళ్తూ ఆయన కాటా దగ్గర ఆగారు. ఏ బరువూ లేని కాటా ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఉంది. వంగి దాన్ని సరిచేసి, గొడుగు తీసుకుని గేటు దాటారు.