రెండక్షరాలు

తొంభైలలో మద్రాసు తొండియార్‌పేటలోని ఓ చిన్న ఆస్పత్రికి నేను కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చాను. మందుల గదిలో ఉండే అక్క మౌస్ పట్టుకునే ముందు ప్రతిసారీ అరచేతి చెమట కొంగుకు తుడుచుకునేది. తెరమీది జాబితాలో మందు పేరు ఎంచితేగాని ఆ మందు ఇవ్వకూడదు. వందల పేర్లు దాటుకుంటూ వెళ్ళాలి.

ఒకరోజు నేనక్కడ ఉండగానే ఫిట్స్‌తో ఓ పాపను తెచ్చారు. కావలసిన పేరు అక్కకు దొరక్కుండా జారిపోతూనే ఉంది. చివరికి లేచి, అలమర్లోంచి సూదిమందు తీసిచ్చేసింది. పాప తేరుకుంది.

"ఆడ చేతికి అందేది ఈడ అందలేదే నైనా!" అంది అక్క, అలమరనూ తెరనూ చూపిస్తూ.

సిగ్గేసి, మొదటి రెండక్షరాలు కొట్టగానే పేరు దానంతటదే ఎంపికయ్యేలా మార్చాను. అక్క కొట్టింది. చటుక్కున పేరొచ్చింది. నేను మురిసిపోయాను.

"ఇది ఆ మందు కాదే నైనా. ఒకే మాదిరి పేర్లు రెండుండాయి," అందామె, భయంగా.

తెరమీద వచ్చిన పేరు ఆమె చదవకపోయుంటే, నేను అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి.