సుగుణ మేడం తలుపు కొట్టే పద్ధతి

ఇవాళ పొద్దున అమీర్‌పేటలో హాస్టళ్ళ సందు మలుపు తిరగగానే పసుపు, తడి సున్నం కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఎవరికో దిష్టి తీసి రోడ్డు మీద పారబోసినట్టున్నారు. తొక్కకుండా పక్కనుంచి నడిచాను. ఎర్రనీళ్ళు ఎక్కడ చూసినా నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. మైత్రీవనం వెనక, ఫోన్లో వినే జానపద కథలు తయారుచేసే చిన్న ఆఫీసులో ఆమె సంపాదకురాలు. నేను రాజమండ్రి నుంచి వచ్చి అక్కడ రచయితగా చేరాను. మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, రాక్షసులు, ఏం రాసినా ఒప్పుకునేవారు. యుద్ధం గెలిచినవాడు ఇంటికి రావడం దగ్గరే పేచీ పెట్టేవారు.

నా మొదటి కథ చివర రాకుమారుడు పన్నెండేళ్ళ యుద్ధం గెలిచి తిరిగొస్తాడు. కోట గుమ్మంలో తల్లి ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి తీసుకుపోతుంది. మేడం విని హెడ్‌ఫోన్ పక్కన పెట్టారు.

"గంతేనా? దిష్టి తీయంగనే లోపలికి పోతడా?"

"వాడి ఇల్లే కదండీ!"

"గది వాని ఇల్లని ఎవరు చెప్పిన్రు? మాయరూపాలు కట్టే రాక్షసులతోని గన్నేండ్లు కొట్లాడిండు. గా తల్లి మొఖం జర సుత అనుమానంగ చూడడా? మళ్ళ రాయి."

ఎలా రాసినా తిప్పికొట్టారు. అసలే నాది అనుమానపు బుర్ర. ఆమె రోజూ మధ్యాహ్నం మెస్సులో కట్టించిన క్యారియర్ పట్టుకుని ఎక్కడికో మాయమయ్యేవారు, ఫోన్ ఎత్తేవారు కాదు. నా కథను ఇక్కడ తొక్కిపట్టి వేరే కంపెనీకి అమ్మేస్తున్నారేమో అనిపించింది. ఆగలేక ఒకరోజు అడిగేశాను.

"అనుమానమా? మంచిదే. రా, చూద్దువు" అని క్యారియర్ నా చేతిలో పెట్టారు.

షేర్ ఆటోలో పంజాగుట్ట చేరి, ఒక పాత అపార్టుమెంటు పై అంతస్తుకు ఎక్కాం. అది ఆమె సొంత ఇల్లే. అయినా కిటికీలోంచి కనబడేలా కాస్త దూరంగా నిలబడి, చెయ్యి చాచి తలుపు కొట్టారు.

"నేను సుగుణని. అమీర్‌పేట నుంచి వస్తున్న. పప్పుచారు తెచ్చిన. నా ఎంబడి ఆఫీసు పిల్లగాడున్నడు, మంచోడే."

లోపల్నుంచి మగ గొంతు: "మన పెండ్లినాడు వాన పడ్డదా?"

"వాన పడలే. కరెంటు పోయింది."

గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఆయన మేడం భర్త, సరిహద్దులో సిపాయిగా పనిచేసి వచ్చినవారు. భోంచేస్తూ గోదావరి గురించి అడిగారు, నా జోకులకు నవ్వారు. నా అనుమానానికి అక్కడ పనేమీ లేకపోయింది. మెట్లు దిగుతుంటే మేడం అన్నారు: "ఆయన వచ్చిననాడు బస్తీ మొత్తం దండలేసింది, మా అత్త దిష్టి తీసింది. గా రాత్రి నుంచే గీ గొళ్ళెం. రోజుకో ప్రశ్న అడుగుతడు."

"మీకు కోపం రాదాండీ?"

"వస్తది. ఏడుపు సుత వస్తది. ఒక్కనాడన్న అడగకుండ తలుపు తీస్తడేమోనని చూస్తున్న. గప్పుడు గదా ఆయన ఇంటికొచ్చినట్టు."

ఆ వారమే ముగింపు మార్చాను. రాకుమారుడు లోపల గడియ వేసుకుంటాడు, తల్లి బయట నిలబడి తనెవరో చెప్పుకుంటుంది. మేడం ఒక్క ముక్క కొట్టేయలేదు. విన్నవాళ్ళు మాత్రం మూడ్ చెడగొట్టావని తిట్టిపోశారు. ఆ తిట్లు చదివి ఆమె హాయిగా నవ్వారు.

పోయినేడాది మేడం గుండెపోటుతో పోయారు. బంధువులంతా వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం నేను క్యారియర్ తీసుకుని పంజాగుట్ట వెళ్ళాను. ఆమెలాగే దూరంగా నిలబడి తలుపు కొట్టి, పేరు చెప్పాను, ఎక్కడి నుంచి వస్తున్నానో, ఏం తెచ్చానో చెప్పాను. ప్రశ్న కోసం ఎదురుచూశాను, రాలేదు.

"గొళ్ళెం లేదు, రా బిడ్డా."

ఆయన తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"గొళ్ళెం పెట్టుకోలేదేంటండీ?"

"ఆమె వస్తే ఇంక నేనేం అడుగుత? ఏ రూపంల వచ్చినా సరే, రానీ."

నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు ఆఫీసులో మేడం కుర్చీ నాదే. కొత్త రచయితలు రాకుమారుణ్ణి పూలదండలతో, మేళాలతో ఇంటికి తెస్తే నేను నమ్మను, మళ్ళీ రాయమంటాను. ఎందుకని అడుగుతారు. ఆ మధ్యాహ్నం సంగతి చెప్పబోయి ప్రతిసారీ ఆగిపోతాను. ఆయన ఇంటికైతే వచ్చారు. మేడం చూడలేదు.