పద్ధెనిమిది చక్రాల లెక్క

ఈ ఉదయం షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర టైర్ల దుకాణం ముందు నా ఆటో ఆగింది. కొత్త రబ్బరు వాసన, గ్రీజు వాసన కలిసి లోపలికి వచ్చాయి. నాకు డెబ్బై మూడేళ్ళు. యాదగిరి మేస్త్రీని మొదటిసారి చూసి ముప్పై రెండేళ్ళు. అయినా ఆ రెండు వాసనలూ కలిస్తే చాలు, ఆయన పక్కనే నిలబడినట్టుంటుంది.

అప్పట్లో నేను ఫిల్మ్ నగర్‌లో షూటింగులకు బండ్లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో స్టోర్స్ చూసేదాన్ని. మేస్త్రీ అక్కడి మెకానిక్. ఇల్లు కృష్ణానగర్‌లో ఒక్క గది, నోటినిండా వేళాకోళం. ఒక యుద్ధం సినిమా కోసం మా మేనేజరు సైన్యం వేలంలో మూడు పెద్ద ట్రక్కులు కొన్నాడు. ఇంజన్లు బాగానే ఉన్నాయి కానీ టైర్లన్నీ పగుళ్ళు. ఆ సైజు టైర్లు బజారులో దొరకవు. వేరే లారీల చక్రాలు వెతికి బిగించాలి. బండికి ఆరు చొప్పున పద్ధెనిమిది.

కొలతల పని నాది. చక్రాన్ని పట్టే బోల్టులు ఎనిమిది, ఎదురెదురు బోల్టుల నడుమ రెండు వందల డెబ్బై అయిదు మిల్లీమీటర్లు. మూడేసిసార్లు కొలిచి రాసుకున్నాను. పాత సామాన్ల బజారులో సరిగ్గా ఆ కొలతకు సరిపోయే చక్రాలు ఏరి తెచ్చాను. శుక్రవారం మధ్యాహ్నానికి పద్ధెనిమిదీ బిగిశాయి. ఒక్క బోల్టు కూడా మొరాయించలేదు. మేనేజరు కొబ్బరికాయ కొట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

మేస్త్రీ మాత్రం డ్రైవరును పిలిచాడు. "స్టీరింగు జర తిప్పు. ఆఖరుదాంక తిప్పు."

ముందు టైరు సగం తిరిగి, లోపల బండి బరువు మోసే ఇనుప కమానుకు రాసుకుని ఆగిపోయింది. కొత్త చక్రాల నడుమ గిన్నెలా ఉండే గుంట లోతు వేరు. దాంతో టైరు లోపలికి జరిగి కూర్చుంది. బోల్టుల దూరం మూడుసార్లు కొలిచిన నేను ఆ లోతు ఒక్కసారీ కొలవలేదు.

"రేపు పొద్దున్నే షూటింగండీ! ఇరవై నాలుగు మంది జూనియర్ ఆర్టిస్టులు వెనక నిలబడతారు. బండి దాదాపు తిన్నగానే కదా పోయేది, అంతగా తిప్పడం ఎందుకు?" అన్నాడు మేనేజరు.

"తొవ్వ సీదానే ఉంటది సారూ. కుక్క అడ్డమొస్తే డ్రైవరు చెయ్యి సీదా ఉంటదా?"

"ఆ కొలతలు తీసిందెవరు? వాళ్ళు సోమవారం నుంచి రానక్కర్లేదు."

"నేనేనండీ," అన్నాను. ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది.

"గట్లయితే నన్ను గూడ పంపుండ్రి," అన్నాడు మేస్త్రీ. "లోతు గూడ సూడమ్మా అని నేనే చెప్పలే. ఇద్దరం పోతే ఈ మూడు ఏనుగుల్ని ఎవలు కాస్తరు?"

మేనేజరు విసురుగా వెళ్ళిపోయాడు. చక్రం ఎంతవరకు తిరగాలో ఆపే బోల్టు ముందు ఇరుసు దగ్గర ఉంటుంది. టైరు కమానుకు తగలకముందే ఆగేలా మేస్త్రీ మూడు బండ్లకూ దాన్ని సరిచేశాడు. "ఇగ మలుపుకు ఎక్కువ జాగ గావాలె. ఎంతనో నువ్వే చెప్పు, కొలతలమ్మా," అన్నాడు. షెడ్డు వెనక మైదానంలో ట్రక్కును గుండ్రంగా తిప్పించి కొలిచాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఎనభై రెండు అడుగులు. వెంటనే సెట్టు దగ్గరికి పరుగెత్తాం. దారి చివర, ట్రక్కులు వెనక్కి మళ్ళాల్సిన చోట, డెబ్బై ఆరే ఉన్నాయి. పక్కన ప్లాస్టరు కొండ.

"కొండను ఎనిమిది అడుగులు జరపాలండీ," అన్నాను ఆర్ట్ డైరెక్టరుతో.

"కొండను ఎక్కడైనా జరుపుతారా అమ్మా?"

"నిన్న మీరే గద సారూ తెచ్చి పెట్టిండ్రు," అన్నాడు మేస్త్రీ. "తెచ్చిన కొండను జరపనీకి ఏం రోగం?"

కొండ జరిగింది. మర్నాడు మూడో ట్రక్కు కూడా దాన్ని తాకకుండా తిరిగింది. వెనక ఇరవై నాలుగు మందీ అరుస్తూనే ఉన్నారు, అది వాళ్ళ డైలాగు. మేనేజరు నా దగ్గరికొచ్చి, "సోమవారం తొమ్మిదికే రండి, ఇంకో రెండు బండ్లు వస్తున్నాయి," అన్నాడు. ఈసారి లోతే ముందు కొలిచాను.

పోయిన నెల మా అపార్టుమెంటుకు కొత్త గేటు పెట్టారు. మూసి చూపించగానే అందరూ మెచ్చుకున్నారు. రెండు రెక్కలూ చివరిదాకా తెరవమన్నాను. కుడి రెక్క నీళ్ళ గొట్టానికి కొట్టుకుని సగంలో ఆగింది.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాడు సెక్రటరీ.

"నాకేం తెలియదండీ. తెరిపించి చూశాను, అంతే."