కోడె చెవిలో మాట

మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, బాపు పోయిండే. చాయ్ తాగి మంచంల ఒరిగిండు, గంతే.” వాళ్ల బాపు నాకు పెద్దబాపు, మా నాన్నకు అన్న. ఏడుపు వచ్చింది గానీ, దానికంటే ముందు మనసు నిమ్మళించింది. ఆయన తన ఇంట్లో, తన మంచం మీద, ఏ నిందా లేకుండా పోయాడు. ఒకప్పుడు ఆ మాత్రానికైనా నోచుకుంటాడా అని మేం భయపడ్డాం.

పెద్దబాపుది నంగునూరు దగ్గర పల్లె. నాగలి కట్టి దున్నేవాడు. కాడి మొయ్యని కోడెలను చిన్నకోడూరు నుంచి కూడా ఆయన దగ్గరికి తోలుకొచ్చేవారు. కోడె చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణిగేవాడు, అది తల దించేది. ఆ మాట నాగలి పట్టే కొందరికే తెలుసు. నాగలి కర్రు ముట్టుకుని, బయటివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు చెప్పనని ఒట్టు వేస్తేనే నేర్పేవారట. నేను అడిగితే “చెప్తే నాలుక పడిపోతది బిడ్డా” అనేవాడు. పొద్దున జొన్నరొట్టెలో మొదటి ముక్క ఎద్దుకు పెట్టందే తాను తినేవాడు కాదు.

ఒక వానాకాలం ఊళ్లో ఎద్దులు వరసగా చచ్చిపోయాయి. గొంతువాపు రోగమని పశువుల డాక్టర్ చెప్పినా, జోడెడ్లు పోయిన పక్కింటాయన వినలేదు. పదిమందిని వెంటేసుకుని పెద్దబాపు వాకిట్లోకి వచ్చాడు.

“చెవుల మంత్రం సదివి నా ఎడ్లను సంపినవ్. నీది బాణామతి!”

ఆ చేతబడి నింద ఒకసారి పడితే మనిషి ప్రాణానికే ముప్పని మా వైపు అందరికీ తెలుసు. పెద్దమ్మ రెండు రోజులు తలుపు గొళ్లెం తీయలేదు. నేను ఊరికి వెళ్లి, సిద్దిపేటలో మా ఇంటికి వచ్చి ఉండమని బతిమాలాను. “పోతె నిజమే అనుకుంటరు” అన్నాడు పెద్దబాపు. ఆయనతో ఒట్టు వేసినవాళ్లలో మిగిలింది చిన్నకోడూరులో ఒక ముసలాయన. నా ఫోన్‌లోంచే ఆయనతో మాట్లాడాడు.

“బావా, ఒట్టు తీస్తున్న. ఏమంటవ్?”

“ఇంక ఎవని కోసం దాస్తవ్? చెప్పెయ్.”

మూడో రోజు పంచాయతీ ఆఫీసు ముందు, ఊరంతా చూస్తుండగా, ఎవరికీ లొంగని ఒక కోడెను తెప్పించాడు. చంకలోంచి బెల్లం, వాము కలిపిన ముద్ద తీశాడు. “గిదే మందు. పొద్దుగాల్నుంచి చంకల వెట్టుకున్న. నా చెమట వాసన తగిల్తె గది నన్ను గుర్తువడ్తది.” కోడె ముద్దను నాకింది. అప్పుడు దాని చెవి దగ్గర, అందరికీ వినబడేలా అన్నాడు: “నేను నిన్ను కొట్ట. నువ్వు నన్ను పొడువకు. ఇద్దరం ఒక్క సాలుల నడుద్దాం.”

కోడె తల దించింది. ముందు పెద్దమ్మే అంది: “గింతేనా? గీ మాట ఇన్నేండ్లు నాకు చెప్పకపోతివి గదనయ్యా!”

జనం నవ్వారు. పక్కింటాయన నవ్వలేదు, తల వంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరూ ఆ నింద ఎత్తలేదు. ఇంటికొచ్చాక పెద్దబాపు నాలుక బయటపెట్టి చూపించాడు. “సూడు బిడ్డా, పడలే.” ఆయన అంత హాయిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మొన్న పాడె ఎత్తేటప్పుడు పక్కింటాయన వచ్చి ముందు కొయ్య భుజానికెత్తుకున్నాడు. మార్చుకుంటామని ఎవరు అడిగినా ఇవ్వలేదు. దారిలో దున్నిన మడి వచ్చింది. బురద మోకాళ్లదాకా ఎక్కింది. ఆయన చెప్పులు అక్కడే దిగబడిపోయాయి. ఆయన మాత్రం ఆగలేదు.