హంగ్ పార్లమెంటూ, మా మామ మీసాలూ

మొన్న సాయంత్రం టీవీలో బ్రిటన్ ఎన్నికల గురించి ఏదో పాత ముచ్చట చూపించారు. అక్కడ ఒకసారి ఏ పార్టీకీ పూర్తి బలం రాక, ప్రభుత్వం ఎవరు పెట్టాలో తేలక, హంగ్ పార్లమెంటు వచ్చిందట. మైకు పట్టుకున్న అమ్మాయి వీధిలో పోయేవాళ్లను ఆపి మీకేమనిపిస్తోందని అడుగుతుంటే, ఒక పెద్దాయన గొడుగు మడుచుకుంటూ, ఏముంది, అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే కదా అన్నట్టు చెప్పి తన దారిన తాను పోయాడు. ఆ నెమ్మది చూసి నాకు నవ్వు ఆగలేదు. మా సిద్దిపేటలో కూడా అందరూ అంత నెమ్మదిగా ఉండి ఉంటే నా పెళ్ళికి అంత గండం వచ్చేదే కాదు.

తొంభైల నాటి మాట. పాత బస్టాండు దగ్గర పసుపుపచ్చ బోర్డు పెట్టిన ఎస్టీడీ బూత్‌లో నాకు మొదటి ఉద్యోగం. అద్దాల తలుపు వేసుకుని లోపల ఫోను చేసేవాళ్లు అరిచే అరుపులకు అసలు ఫోను ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు, హైదరాబాదుకు అలాగే వినపడేట్టు ఉండేది. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరు ఎవరి మీద అలిగారో ఊరందరికన్నా ముందు నాకు తెలిసేది. మా బూత్ పక్కనే గడియారాలు బాగుచేసే చాచా దుకాణం. కంటికి అద్దం తగిలించుకుని గింజంత చక్రాలతో రోజంతా కుస్తీ పట్టే ఆయన, రోజుకు ఒక్కసారి, చిన్నకోడూరు బస్సు వచ్చే వేళకు, ఆ అద్దం తీసి పక్కన పెట్టేవాడు. ఆ బస్సులో మా మేనమామ దిగేవాడు మరి.

మా బాపు నా చిన్నతనంలోనే పోయాడు. అప్పటి నుంచి నన్ను పెంచింది, చదివించింది, ఆ ఉద్యోగంలో కూర్చోబెట్టింది మామే. ఆయనకు రెండు ఎకరాల వరి పొలం, రెండు వైపులా మెలితిరిగిన మీసాలు ఉండేవి, ఆ రెంటిలో దేని మీద ఎక్కువ ప్రేమో చెప్పడం కష్టం. చాచా మీసాలు కూడా తక్కువవేం కాదు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు, ఇద్దరివీ ఎదురెదురు పార్టీలు. రోజూ ఒక చాయ్‌ని రెండు సాసర్లలో పోసుకుని తాగుతూ, ఒకరి పార్టీని ఒకరు కడిగి ఆరేసేవాళ్లు. సాసర్ ఖాళీ అయ్యేసరికి కోపం కూడా అయిపోయేది.

ఆ ఏడాది పార్లమెంటు ఎన్నికలప్పుడు మాత్రం మాట పెరిగింది. ఎవరి పార్టీ ఢిల్లీలో సర్కారు నడపలేకపోతే వాళ్లు ఆ రోజే మీసాలు తీసేయాలని, గల్లీ మొత్తాన్ని సాక్షిగా పెట్టి చేతిలో చేయి వేసుకున్నారు. నేను బూత్‌లో నుంచి చూస్తూ నవ్వుకున్నాను కూడా. సాయంత్రం ఇంటికి వెళ్లి చెబితే అమ్మ చేతిలోని చేట కింద పెట్టి అలాగే కూలబడిపోయింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. నెల తిరిగేలోపు నా పెళ్ళి. ముహూర్తం పెట్టించింది స్వయంగా మామే. గంపలో కూర్చోబెట్టి నన్ను పందిట్లోకి మోసుకురావాల్సిందీ మామే. మా వైపు మగవాడు మీసాలు తీశాడంటే ఇంట్లో తల్లో తండ్రో పోయారని అర్థం. అలాంటి ముఖంతో మేనమామ పందిట్లో నిలబడితే మగపెళ్ళివారు ఏమనుకుంటారు? వాళ్లది జగదేవ్‌పూర్. అబ్బాయి నాయనమ్మకు శకునాల పట్టింపు మెండు. తండ్రి లేని పిల్ల అని ఒకసారి వెనక్కి పోయి, మామ నాలుగుసార్లు తిరిగితే మళ్లీ ముందుకొచ్చిన సంబంధం.

“బుద్ధి గడ్డి తిన్నదారా నీది, పిల్ల లగ్గం యాదికి లేదా?” అని అమ్మ నిలదీస్తే మామ తల దించుకున్నాడు. నిజంగానే మరిచిపోయాడు పాపం. గెలుస్తానన్న ధీమాలో ఓడిపోతే అన్న ఆలోచనే రాలేదు ఆయనకు.

ఫలితాలు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ రాలేదు. ఆ వారం మా గల్లీని చూడాల్సింది. మెజారిటీకి కావాల్సిన రెండు వందల డెబ్బై రెండు అనే అంకె పూలు అమ్మే ఆమెకు కూడా కంఠతా వచ్చేసింది. ఎవరు ఎవరితో కలుస్తారో వేళ్ల మీద లెక్కబెట్టుకుంటూ, ఢిల్లీ పెద్దలను ఇంటి పాలివాళ్లలాగా మందలిస్తూ, ఒక పంచాయితీ తీర్పు కోసం చూసినట్టు ఓపికగా చూశారు జనం. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. రోజంతా నా బూత్‌లో ఫోనుకు విరామం లేదు, హైదరాబాదులో ఉన్నవాళ్లకు అన్నీ తెలుస్తాయని అందరికీ గట్టి నమ్మకం.

తర్వాత మామ పార్టీ వాళ్లే ప్రమాణం చేశారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. చాచా మాత్రం దుకాణం సగం మూసి, మంగలి షాపుకు బయలుదేరాడు. అప్పుడు మామ ఎదురెళ్లి ఆయన చేయి పట్టుకున్నాడు.

“ఆగు భాయ్. ప్రమాణం జేస్తే అయితదా? ఇంక బలం జూపెట్టలే. గప్పటిదాంక నేను గెలిచినట్టు గాదు.”

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. చేతికందిన గెలుపును ఇలా ఎవరైనా వదిలేస్తారా? అందులోనూ మేనకోడలి పెళ్ళి దగ్గరికొచ్చాక. ఆ కోపంతో రెండు రోజులు మామతో మాట్లాడలేదు.

పార్లమెంటులో చర్చ జరిగిన రోజు చాచా తన చిన్న టీవీని దుకాణం గడప మీదికి తెచ్చి పెట్టాడు. రోడ్డు మీద జనం, సైకిళ్ల మీద జనం, చప్పుడు లేకుండా విన్నారు. తమకు గిట్టనివాళ్లు బాగా మాట్లాడితే బాగుందని తలాడించేవాళ్లను నేను ఆ రోజు చూశాను. చివరికి బలం లేదని ఆ సర్కారు దిగిపోయింది. మామ లేచి, భుజం మీది తువ్వాలు దులుపుకుని, నేరుగా మంగలి షాపుకు నడిచాడు. నా పెళ్ళికి ఇంకా మూడు రోజులుంది.

ఈసారి చాచా అడ్డం పడ్డాడు. లగ్గం అయ్యాక తీసుకొమ్మని ఎంతగానో బతిమాలాడు. మామ వినలేదు.

“తీరిక జూసుకోని నిలబెట్టుకుంటే గది మాట ఎట్లయితది భాయ్? ఆ రోజే అన్నం గద.”

మీసాలు పోయిన చోట చర్మం తెల్లగా, పసివాడి పెదవిలాగా కనబడింది. ఇంటికి వచ్చిన మామను చూసి అమ్మ ఏడ్చింది. నేను ఆయనకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత ఢిల్లీలో సర్కారు పెట్టబోతున్నది చాచా పార్టీ కూడా కాదని, ఇంకెవరో నలుగురు కలిసిన జట్టు అని తెలిసింది. చాచా పార్టీ వాళ్లకు బయటి నుంచి మద్దతిస్తోంది కాబట్టి చాచా గెలిచినట్టేనని గల్లీలో కొందరు తీర్పు చెప్పారు. “తలుపు కాడ నిలబడ్డోడు ఇంటోడు అయితడా?” అన్నాడట చాచా, అంతే.

పెళ్ళిరోజు పొద్దున మగపెళ్ళివారి బస్సు దిగింది. ఎదుర్కోలుకు మామ ముందు నిలబడ్డాడు. అబ్బాయి నాయనమ్మ ఆయన ముఖం చూసి గడప అవతలే ఆగిపోయింది. నేను కిటికీలో నుంచి చూస్తున్నాను. ఎవరు పోయిన్రు, మాకెందుకు చెప్పలేదు అని ఆమె అడుగుతుండగా, వెనక నుంచి పన్నీరు బుడ్డి పట్టుకుని చాచా వచ్చి మామ పక్కన నిలబడ్డాడు. ఆయనకూ మీసాలు లేవు.

“ఎవరికేం గాలేదమ్మా, అందరు సల్లంగున్నరు. ఢిల్లీల ఇద్దరి పార్టీలు ఓడినయ్. మాటంటే మాట గద, ఇద్దరం తీసుకున్నం.”

ఆమె ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, “గిసొంటోళ్ల చేతుల పెరిగిన పిల్లకు ఇంక శకునమేం జూస్తం? లోపలికి నడువుండ్రి” అంది.

గంప ఒక పక్క మామ పట్టాడు. రెండో పక్క పట్టాల్సిన చిన్నమామ ఊరి నుంచి ఇంకా రాలేదు. అమ్మ చాచా వైపు చూసి తల ఊపింది. చాచా వచ్చి ఆ పక్క పట్టాడు. గంపలో కూర్చుని ఆ రెండు బోడి పెదవులనూ చూస్తూ, మామా నన్ను క్షమించు అన్నాను. డప్పుల మోతలో ఆయనకు వినబడిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. పోయినేడు మా చుట్టాల పెళ్ళిలో, ఫోను గ్రూపులో ఎన్నికల మీద ఏదో రాసుకున్నారని సొంత అన్నదమ్ములు వేరువేరు బంతుల్లో కూర్చుని భోంచేశారు. వాళ్లలో ఒకరి పార్టీ గెలిచింది కూడా. ఆ గెలిచిన మనిషి ముఖంలో, ఓడిపోయి పక్కపక్కన నిలబడిన మామకూ చాచాకూ ఉన్న నవ్వులో సగం నవ్వైనా ఉంటుందేమోనని చూశాను. లేదు.